చచ్చిపోయిన పార్టీల దేశం

పదిహేడో పెన్ను రాయలేదు. బర్డెట్ లామ్కిన్ దాన్ని ఎడమ అరచేతిలో మరోసారి గీసి చూసి, పెదవి విరిచి, గొలుసు నుంచి విప్పేసి, చొక్కా జేబులోంచి కొత్తది తీసి తగిలించాడు. ఇరవై ఓటు అరలు, ఇరవై పెన్నులు. కాగితం మీద గీసుకోవచ్చు కదా అంటే వినడు. ఓటు కాగితాలు ఉన్నచోట పిచ్చిగీతల కాగితం కనపడకూడదని అతని పంతం. అందుకే ఎన్నికల కాలం వచ్చిందంటే ఆ అరచెయ్యి నీలంగా మారిపోయేది. ఎంత సబ్బు రుద్దినా నవంబరు దాటితే గానీ వదలదు.

ఒహాయోలో మిల్‌ఫోర్క్ కౌంటీ ఎన్నికల గోదాములో అతనిది ముప్పై రెండేళ్ళ కొలువు. పొడుగాటి మనిషి. ఓటు యంత్రాలు దించీ ఎక్కించీ కుడి భుజం ఎడమ భుజం కంటే అంగుళం కిందికి జారింది. తాళాలగుత్తి ప్యాంటు పట్టీకి వేలాడుతూ ఉంటుంది కాబట్టి మనిషి కంటే ముందు చప్పుడు వస్తుంది. ఊళ్ళో చాలామందికి అతని పేరు తెలియదు, 'ఆ పెట్టెలాయన' అంటారు. ఎన్నడూ పత్రికకెక్కలేదు, ఏ పదవికీ నిలబడలేదు. అయినా ఆయనగారు ఒక దేశాన్ని తయారు చేసి పెట్టారంటే నమ్ముతారా?

అదంతా చేరిన ఏడాదే మొదలైంది. పోలింగు రోజున పనిచేయడానికి వచ్చే మామూలు జనానికి శిక్షణ ఇవ్వాలంటే ఉత్తుత్తి ఎన్నిక ఒకటి జరపాలి. కాగితం మీద బతికున్న అభ్యర్థి పేరు గానీ, బతికున్న పార్టీ పేరు గానీ పడకూడదు. పడితే మర్నాడే ఫిర్యాదు. బర్డెట్ రెండు రోజులు బుర్ర గోక్కుని, బళ్ళో చదివిన చరిత్ర గుర్తు తెచ్చుకున్నాడు. అమెరికాలో నూటయాభై ఏళ్ళ కిందట మట్టికొట్టుకుపోయిన విగ్ పార్టీ. దాని తర్వాత పుట్టి, తొందరగానే పోయిన పచ్చనోటు పార్టీ. పొలాలు పంచుతామన్న స్వేచ్ఛాభూమి పార్టీ. చచ్చినవాళ్ళ మీద ఎవడు ఫిర్యాదు చేస్తాడు? అవేవీ చావలేదనీ, ఇప్పటికీ అవే కొట్టుకుంటున్నాయనీ అనుకుని కాగితం అచ్చు వేశాడు. అభ్యర్థుల పేర్లు తనే కల్పించాడు.

విగ్ పార్టీ గెలిచింది. గెలిచాక ఏం జరిగిందని నాలుగేళ్ళ తర్వాత జనం అడిగారు. అడిగితే చెప్పకుండా ఎలా ఉంటాడు? రెండు పేజీలు టైపు చేసి గోడకు అంటించాడు. అప్పట్నుంచీ అదే రివాజు. శిక్షణలో ఎవరు గెలిస్తే ఆ దేశానికి వాళ్ళే అధ్యక్షులు, ఆ నాలుగేళ్ళ చరిత్ర గోడ మీదికి. ప్రతి ఇరవై ఓట్లకి ఒకటి చొప్పునైనా రాని పార్టీ రద్దు. ఇంతే చట్టం.

ఆ దేశంలో కాలవలు ఎక్కువ. విగ్ అధ్యక్షుడు లూషియస్ పెన్‌రాడ్ ఒహాయో నుంచి డెన్వర్ దాకా కాలవ తవ్విస్తానని మొదలుపెట్టి, నీళ్ళు కొండ ఎక్కవని సగం తవ్వాక తెలుసుకున్నాడు. పచ్చనోటు అధ్యక్షురాలు హెస్టర్ క్విమ్‌బీ ఆ గోతిలో చేపలు పెంచి రెండోసారి కూడా గెలిచింది. బయట ఎన్నికల గాలి వీస్తే ఒకరి పెరట్లో జెండా చూసి ఇంకొకరు మొహం తిప్పుకునే మనుషులు, ఈ గోదాములో మాత్రం డెన్వర్ కాలవ గురించి గొంతులు చించుకుని, ఆనక ఒకే డోనట్టును చెరిసగం చేసుకుని తినేవాళ్ళు.

బర్డెట్ విగ్ మనిషి. అతని భార్య నాడీన్ పక్కా పచ్చనోటు. భోజనాల దగ్గర ఇద్దరికీ యుద్ధమే. "మళ్ళీ కాలవేనా? మీవాళ్ళకి ఇంకో ఊహే రాదా?" అని దెప్పిపొడిచేది. అలా దెప్పుతూనే విగ్ పార్టీ గుర్తయిన రకూన్ బొమ్మను రబ్బరు ముక్క మీద చెక్కి ముద్ర చేసి ఇచ్చింది. చెత్తడబ్బాలు దోచుకునే జంతువే మీకు తగిన గుర్తని నవ్వింది. ఆమె పోయి ఆరేళ్ళయింది. ముద్రలో ఒక చెవి విరిగింది. బర్డెట్ దాన్ని ఇంకో ముద్రతో మార్చలేదు.

ఈ రోజు అతని ఆఖరి రోజు. సాయంత్రం నాలుగింటికి తాళాలు ఇచ్చేయాలి. దానికేం బాధ లేదు. తను వెళ్ళాక ఆ దేశం ఏమవుతుందన్నదే బాధ. ఎవరైనా కొనసాగిస్తే బాగుండునని ప్రాణం కొట్టుకుంటోంది. కానీ ఎవర్నైనా ఏదైనా అడగడం అతనికి చేతకాదు.

ఎనిమిదింటికి ఆఫీసు డైరెక్టరు ట్రిషా హోల్‌బ్రుక్ చంకలో అట్టపెట్టెతో వచ్చింది. నలభై ఏళ్ళ లోపు మనిషి, నడకలోనే హడావిడి.

"బర్డెట్ గారూ, యంత్రాల కంపెనీవాళ్ళు ఉత్తుత్తి ఓటు కాగితాలు అచ్చేసి పంపారు చూడండి. వెనీలా, చాక్లెట్, స్ట్రాబెర్రీ. ఇక నుంచి ఇవే. మీ తర్వాత ఎవరూ రాత్రిళ్ళు కూర్చుని చరిత్రలు రాసే పని లేదు."

"వెనీలా గెలిస్తే ఏమవుతుందమ్మా?"

"ఏమీ కాదు. మనకి కావలసింది అదే కదా!" అని, అతని మొహం చూసి కాస్త తగ్గింది. "సరే, పొద్దున జట్టుకి ఇవి. మధ్యాహ్నం జట్టుకి మీవి. ఈ ఒక్కసారికీ."

పొద్దున ముప్పై ఆరు మంది సంతకాలు పెట్టారు. యంత్రంలో పడ్డ ఓట్లు ముప్పై ఒకటి. మిగతా అయిదింటి కోసం ట్రిషా బల్లల కింద దూరి వెతికింది. రెండు ఎవరి సంచుల్లోనో ఉన్నాయి. ఒకటి కాఫీ కప్పు కింద ఉంది. మిగిలిన రెండూ దొరకనే లేదు. ఐస్‌క్రీము ఓట్లే కదా అని జనం నవ్వేసి ఇళ్ళకు పోయారు. సంతకాలెన్నో ఓట్లన్ని ఉండాలన్నదే ఆ పనికి ప్రాణం. ట్రిషా మొహం కందగడ్డ అయింది. బర్డెట్ మాత్రం కప్పు మరక పడ్డ చాక్లెట్ ఓటును తుడిచి పక్కన పెట్టాడు.

మధ్యాహ్నం జట్టు పాతకాపులు. తలుపు తెరవగానే గోడ దగ్గరికే పరిగెత్తారు. మొదటి శిక్షణ నుంచీ వస్తున్న ఒపల్ యోడర్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి మరీ చదివింది.

"ఏమయ్యా బర్డెట్! మళ్ళీ కాలవేనా? ఈసారి రాకీ కొండలకి సొరంగమట! సిగ్గులేదూ మీ పార్టీకి?"

"ఆయన్నేం అంటావ్ ఒపల్, మీ స్వేచ్ఛాభూమివాళ్ళు నా పశువుల మేత బీడు పంచేశారు. అది మర్చిపోయావా?" అని పాల వ్యాపారి వెండెల్ గ్రూబ్ తగులుకున్నాడు. బయట వీళ్ళిద్దరూ చెరో అసలు పార్టీ. అందుకే ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచేలా లెక్కింపుకు ఎప్పుడూ ఇద్దర్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెడతారు.

బర్డెట్ ఓటర్ల సంతకాల పట్టీలో మొదటి గీత మీద తన సంతకం పెట్టి, సంతకం ఎలా పెట్టాలో చూపించాడు. ప్రతి శిక్షణలోనూ అంతే. చూపించాక దాన్ని కొట్టేసి 'రద్దు' అని పక్కన రాసేవాడు. తను కాగితం తయారుచేసినవాడు కాబట్టి ఓటు వేయకూడదని అతని నియమం. ముప్పై రెండేళ్ళలో తన దేశంలో తను ఒక్కసారి కూడా ఓటు వేయలేదు. ఈ రోజు ఆ కొట్టేయడం మర్చిపోయాడు. ఆఖరి రోజని మనసు ఎక్కడో ఉంది పాపం.

శిక్షణకు వచ్చినవాళ్ళు ముప్పై ఎనిమిది మంది. యంత్రం పనితీరు చూస్తానని ట్రిషా కూడా వరసలో నిలబడి, సంతకం పెట్టి ఓటేసింది. ఆనక ఒపల్, వెండెల్ ఎదురెదురుగా కూర్చుని లెక్కపెట్టారు. పచ్చనోటు ఇరవై రెండు. స్వేచ్ఛాభూమి పదహారు. విగ్ ఒకటి.

"ఒకటా?" అన్నాడు బర్డెట్.

"ఒక్కటే. సొరంగం ముంచింది," అని వెండెల్ జాలిగా చూశాడు. "ముప్పై తొమ్మిదిలో ఒకటి. రద్దు కిందే లెక్క."

"ఆగాగు!" ఒపల్ పట్టీ మీద వేలు పెట్టింది. "సంతకాలు నలభై. ఓట్లు ముప్పై తొమ్మిది. ఒకటి తక్కువ!"

మళ్ళీ లెక్కపెట్టారు. మూడోసారి లెక్కపెట్టారు. ఎవరూ లేచి ఇంటికి పోలేదు. సంచులు దులిపారు, ఒకరి జేబులు ఒకరు చూసుకున్నారు. ట్రిషా చేతులు కట్టుకుని ఇదంతా చూస్తూ నిలబడింది. చివరికి ఒపలే ఒక్కో పేరూ పైకి చదవబోయి, మొదటి పేరు దగ్గరే ఆగిపోయింది.

"దొరికాడు దొంగ! బర్డెట్ లామ్కిన్!"

"అయ్యో, కొట్టేయడం మర్చిపోయాను. ఇటివ్వు, రద్దని రాస్తాను."

"ఎలా రాస్తావయ్యా? లెక్కింపు మొదలయ్యాక పట్టీ ముట్టుకోకూడదని మాకు నేర్పిందెవరు? సంతకం పెట్టినవాడికి కాగితం ఇచ్చి తీరాలి. పద, లోపలికి పద!"

జనమంతా చప్పట్లు. ఇంకొక్క ఓటు పడితే విగ్ పార్టీకి నలభైలో రెండు. బతికిపోతుంది. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. వెండెల్ అయితే వీపు మీద చరిచి, "వెళ్ళి మీవాళ్ళని బతికించుకో పో," అన్నాడు.

అరలో నిలబడి బర్డెట్ కాగితం చూశాడు. వందసార్లు అచ్చుతప్పులు దిద్దిన కాగితమే. ఓటరుగా చదవడం ఇదే మొదలు. విగ్ పార్టీ: సొరంగంలో కాలవ. పచ్చనోటు పార్టీ: ప్రతి ఊరికీ ఒక డాక్టరు, ఒక లైబ్రరీ. ఇలాంటివి రాసింది తనే. తన పార్టీకి ప్రతిసారీ కాలవే రాసిందీ తనే. ఎదుటివాళ్ళ సభ రోజున గోడ మీది చరిత్రలో వాన కురిపించి మరీ ఇన్నాళ్ళూ తన విగ్ వాళ్ళని గట్టెక్కించాడు. ప్రేమకేం, బోలెడుంది. కానీ బుద్ధి ఉన్నవాడెవడైనా ఆ సొరంగానికి ఓటేస్తాడా? నాడీన్ గొంతు చెవి పక్కనే వినిపించినట్టయి ఫక్కున నవ్వొచ్చింది. పదిహేడో అరలో, పొద్దున తగిలించిన కొత్త పెన్నుతో, పచ్చనోటు గుండ్రం నింపాడు.

యంత్రం గుటుక్కున మింగింది. తెర మీద అంకెలు మారాయి. పచ్చనోటు ఇరవై మూడు. స్వేచ్ఛాభూమి పదహారు. విగ్ ఒకటి.

అంత పాత పార్టీ అలా చడీచప్పుడూ లేకుండా పోయింది. ఒపల్ ముక్కున వేలేసుకుంది.

"మీరే చంపేశారా!" అని అరిచింది ట్రిషా. "పద్దెనిమిదేళ్ళప్పుడు ఇక్కడ శిక్షణకి వచ్చిన దగ్గర్నుంచీ వాళ్ళకే వేస్తున్నాను! ఈ రోజు కూడా నేనొక్కదాన్నే వేశాను! ఇప్పుడా కాలవ సంగతేంటి? తవ్వుతున్న కూలీలు ఏమైపోవాలి? విగ్ వాళ్ళంతా ఎటు పోతారు?"

అని నాలిక కరుచుకుంది. రహస్య ఓటు కాస్తా నలుగురి ముందూ చెప్పేసింది మరి. గదంతా ఒక్కసారిగా గొల్లుమంది. ట్రిషా కూడా నవ్వకుండా ఉండలేకపోయింది.

"మంచి ప్రశ్నలమ్మా," అన్నాడు బర్డెట్ కళ్ళు తుడుచుకుంటూ. ఆ తడి నవ్వుదో, మరి దేనిదో. "నాలుగేళ్ళ తర్వాత వీళ్ళు కూడా అవే అడుగుతారు. జవాబులు ఎవరో ఒకరు రాయాలి."

ట్రిషా మూలనున్న ఐస్‌క్రీము పెట్టె వైపు చూసింది. పొద్దున దొరకని రెండు ఓట్ల సంగతి గుర్తొచ్చిందేమో, కాలితో దాన్ని బల్ల కిందికి నెట్టింది.

"రెండు పేజీలేనా?"

"రెండు చాలు. వానలు మాత్రం ఎక్కువ కురిపించకు."

నాలుగింటికి గోదాములో వాళ్ళిద్దరే మిగిలారు. బర్డెట్ గుత్తిలోంచి తన ఇంటి తాళం తీసుకుని తక్కినవన్నీ బల్ల మీద పెట్టాడు. ఒక తెల్లకాగితం పరిచి, దాని కింది అంచున రకూన్ ముద్ర నొక్కి, ముద్రను పక్కనే వదిలేశాడు. టోపీ పెట్టుకుని, "వస్తానమ్మా," అన్నాడు. తాళాల చప్పుడు లేకుండా అతను నడవడం ట్రిషా మొదటిసారి విన్నది. బయట పాత ట్రక్కు రెండుసార్లు దగ్గి బయల్దేరింది.

ఆమె కుర్చీ లాక్కుని, పెన్ను సిరా పడుతుందో లేదోనని అరచేతిలో గీసి చూసుకుంది. తెల్లకాగితం పక్కన, చెవి విరిగిన రబ్బరు రకూన్ మీద సిరా తడి ఇంకా ఆరలేదు.