ఎడారిలో అడవి ఏరు

మిట్టమధ్యాహ్నం కడప పెంచల్ చేతిలో పార వదలకుండానే బోర్లా పడిపోయాడు. పక్కనే, మేం తవ్వుతున్న కాలువ ఒడ్డున, ఉత్తరదేశాల నుంచి తెప్పించిన మొక్కలు గ్రీన్‌నెట్ కింద హాయిగా ఉన్నాయి. మొక్కలకు నీడ, మనిషికి లేదు! ఎండాకాలంలో పదకొండు నుంచి నాలుగు దాకా ఎండలో పని చేయించొద్దని ఈ అరబ్బు దేశపు చట్టమే చెబుతోంది. మా తోట గేటు దాటి ఆ చట్టం ఒక్కనాడూ లోపలికి రాలేదు.

మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, సెలవులకు మంచు అడవుల్లోకి వెళ్లి ఓ చిన్న ఏరు చూసి మనసు పారేసుకున్నాడు. అచ్చం అలాంటిదే తన తోటలో కావాలన్నాడు. చిత్తడినేలలో పుట్టి, రెండు గుట్టల్ని చుట్టి, రాతిమెట్టు మీంచి దూకి, లంక దగ్గర రెండుగా చీలి, మళ్లీ కలిసి చెరువులో పడే ఏరు. ఇసుకలో దాని ప్రతి వంపూ మేమే తీశాం. కడపవాళ్లు తవ్వాలి, గోదావరివాళ్లం రాళ్లు పేర్చాలి. మేనేజర్ వీరేంద్ర పెట్టిన పద్ధతది. మాకు చల్లటి నీళ్లు, వాళ్లకు తిట్లు. రెండు జట్లూ కలవకూడదు, అంతే!

పెంచల్‌ని ఆస్పత్రిలో చేర్చాక, ఆ సాయంత్రం రిగ్గైలో మేముండే గదిలో రెండు జట్లవాళ్లం కూడాం. కడప గంగులయ్య లేచాడు.

"రేపు పదకొండుకు పారలు కింద పెడతాం. ఆ నెట్టు కిందికి పోయి కుచ్చుంటాం. మీరొస్తారా, రారా? ఏదో ఒకటి తేల్చండప్పా."

"ఇఖామా కేన్సిల్ చేసి దేశం నుంచి పంపేత్తే ఇంటికెళ్లి ఏం తింటామండీ?" అన్నాడు మా మేస్త్రీ సత్యప్రసాద్.

"సచ్చిపోతే ఏం తింటావయ్యా నువ్వు?" అన్నాడు గంగులయ్య.

గదంతా కేకలు. పొద్దున బస్సెక్కినా వాదన తెగలేదు.

పదకొండయింది. కడపవాళ్లు నెట్టు కింద కూర్చున్నారు. మేం రాళ్లు పట్టుకుని దిక్కులు చూస్తున్నాం. వీరేంద్ర ఊగిపోతూ వచ్చాడు.

"గోదావరోళ్లూ, మీరు బుద్ధిమంతులు. యల్లా, పని కానివ్వండి! వీణ్ణి మాత్రం ఇవాళే ఇంటికి తోలేస్తా. ఖలాస్!"

గంగులయ్యను చెయ్యి పట్టి, గేటు దగ్గరున్న పికప్ బండిలోకి ఈడ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ముందు కదిలింది సత్యప్రసాద్. రాయి కింద పడేసి, వెళ్లి పికప్ ముందు చతికిలబడ్డాడు.

"ఆయన్ని పంపేత్తే మమ్మల్నందర్నీ పంపెయ్యండి. రేపు కఫీల్ వచ్చి ఏరేదని అడిగితే మీరే చూపిద్దురుగాని!"

నేను వెళ్లాను. మావాళ్లంతా వచ్చారు. నెట్టు కింది కడపవాళ్లూ లేచొచ్చారు. నీడ అడిగినవాళ్లం కాలే ఇసుకలో కూర్చున్నాం.

"పోనియ్, మీద నుంచే పోనియ్!" అని డ్రైవర్ మీద అరిచాడు వీరేంద్ర.

డ్రైవర్ అయ్యప్ప ఇంజను ఆపాడు. తాళాలు జేబులో వేసుకుని, దిగొచ్చి మా పక్కన కూర్చున్నాడు.