సుక్కి పడుకుంటే అడవి

ఎండ నడినెత్తికి రాగానే కుర్మయ్య తన గొర్రెల మందను శామీర్‌పేట గుట్ట కింద నిలిపేవాడు. ఆయన కుక్క సుక్కి మూడు చుట్లు తిరిగి పడుకునేది. బీడీ కాలేలోపు చుట్టూ మోదుగలు, తునికిచెట్లు లేచి నీడ పరిచేవి. కుర్మయ్య ఓ కునుకు తీసేవాడు. సుక్కి లేస్తే అడవీ పోయేది, గొర్రెల నోట్లోని ఆకుతో సహా.

నీడ ఉంది గానీ మేతే లేదు. ఆ ఏడు గుట్ట కిందంతా ప్లాట్ల రాళ్లు పాతారు. ఆదివారం గొర్రెల బేరగాడు యాదయ్య లారీ తెచ్చి మందను గంపగుత్తగా తోలుకుపోతాడు. ఆ తర్వాత కుర్మయ్య కొంపల్లిలో వాచ్‌మన్. రోజంతా కుర్చీలో కూర్చోవాలని తలుచుకుంటేనే ఆయనకు ఏడుపొచ్చేది.

సుక్కి సంగతి విని గురువారం జోగారావు ఒక వ్యానుతో, ఒకే ఒక్క కెమెరాతో, కూతురు అనూహ్యతో దిగాడు. అడవిలో తప్పిపోయిన పిల్లను కుక్క కాపాడే సినిమా తీస్తున్నాడు.

"అరకు వెళ్లే స్తోమత లేదండీ కుర్మయ్యగారూ. మీ కుక్కని కాస్త పడుకోబెట్టండి."

సుక్కి పడుకుంది. అడవి లేచింది. చెట్టు కింద అనూహ్య చక్కగా ఏడ్చింది.

"ఇప్పుడు కుక్క పరిగెత్తుకు రావాలి!"

సుక్కి లేచింది. అనూహ్య ఎర్రటెండలో ప్లాటు రాయి పక్కన ఏడుస్తూ మిగిలింది. ఎనిమిదిసార్లు అదే తంతు.

"పండుకుంటేనే అడివి సారూ! ఉరికితే ఏడికెల్లొస్తది?" అన్నాడు కుర్మయ్య.

తొమ్మిదోసారి పడుకున్న సుక్కి, ఎంత ఈల వేసినా లేవలేదు. సద్ది తెచ్చిన భార్య సిద్దమ్మ పొదలోకి వంగి చూసింది.

"ఏందయ్యా నువ్వు! గొర్రె సూడిదైతే నడక జూసి జెప్తవు. గింత కడుపేసుకొని తిరిగే కుక్కను జూడలేదా?"

నూట ఇరవై గొర్రెల పురుళ్లు పోసిన కుర్మయ్య సిగ్గుతో తలపాగా సర్దుకున్నాడు. పొదలో అయిదు పిల్లలు పుట్టాయి.

శనివారం సుక్కి నీళ్లు తాగడానికి చెరువు దాకా వెళ్లింది. అడవి కదల్లేదు, పిల్లలు నిద్రపోతున్నాయి మరి. ఒకదాన్ని ఒళ్లో పెట్టుకుని అనూహ్య కూర్చుంది. అది చూసిన తల్లికుక్క చెట్ల మధ్య నుంచి ఒకటే పరుగు! జోగారావు కెమెరా వెనక చిన్నపిల్లాడిలా గంతులేశాడు.

కుర్మయ్య మాత్రం గొర్రెలనే చూస్తున్నాడు. రెండు రోజులుగా మేసిన ఆకు కడుపులోనే ఉంది. డొక్కలు నిండాయి. అయిదు పిల్లల్లో ఎప్పుడు చూసినా ఏదో ఒకటి నిద్రలోనే ఉంటోంది. ఆయనకు ఆనందం పట్టలేక నవ్వొచ్చేసింది.

ఆదివారం లారీ దిగి యాదయ్య కేకేశాడు. "కుర్మన్నా! మందను తోలుకరా, జల్దీ!"

కుర్మయ్య నోటి మీద వేలు పెట్టుకుని ఎదురొచ్చాడు.

"మెల్లగ మాట్లాడు యాదయ్యా, పిల్లలు పండుకున్నయ్. మందను అమ్ముతలేను."