సున్నం తగ్గిన రొట్టె

దొర డాన్ లౌరియానో గుర్రాలు ముసలి నెమెసియో చేలో పడ్డప్పుడు ఊరంతా గట్టు మీద నిలబడి చూసింది. మొక్కజొన్న కంకి పాలు పట్టే అదను. పన్నెండు మంది కిరాయి రౌతులు అటూ ఇటూ తొక్కించి నిలువెత్తు పైరును నేలకు పరిచేశారు. నెమెసియో పరుగెత్తి ఒక గుర్రం కళ్ళెం పట్టుకున్నాడు. రౌతు తుపాకి మడమతో అతని భుజం విరగ్గొట్టాడు.

"ఈ భూమి మీకు సర్కారిచ్చిందా? ఏ సర్కారు? పోయినేటిదా, ఈయేటిదా?" అని నవ్వాడు వాళ్ళ నాయకుడు. "గురువారం మళ్ళీ వస్తాం. ఇక్కడ ఒక్క గింజ నాటినట్టు కనబడితే మీ ఇళ్ళు కూడా ఉండవు."

ఊరివాళ్ళ చేతుల్లో మచ్చుకత్తులే ఉన్నాయి. అందరి కళ్ళూ రౌతుల మీదుంటే, క్రిసోఫోరో కళ్ళు మాత్రం జనంలో నిలబడ్డ హెర్మిలా మీదున్నాయి. ఊరి తుపాకులు ఆమె అధీనంలో ఉన్నాయి. తన అధీనంలో లేవు. రెండు వానాకాలాలుగా అతన్ని లోలోపల తొలిచేస్తున్న సంగతి అదే.

భూమి పంచిన ఏడు, దొరల నుంచి కాపాడుకోండని సర్కారే ఆ ఊరికి పదహారు ముప్పై-ముప్పై రకం తుపాకులు ఇచ్చింది. పైవాళ్ళు మారారు, దొరలతో చెయ్యి కలిపారు, తుపాకులు తిరిగి ఇచ్చెయ్యమన్నారు. బడిపాకలో సభ కూడి, ఇవ్వగూడదు, దాచాలని తీర్మానించింది. దాచే బాధ్యత ఎవరిదన్న మాట వచ్చేసరికి క్రిసోఫోరో అప్పటికే మీసం దువ్వుకుంటున్నాడు. విప్లవ సేనలో మూడేళ్ళు గుర్రం మీద తిరిగినవాడు ఆ ఊళ్ళో అతనొక్కడే.

"నాకొదిలెయ్యండి. పాతిపెడతా. గొయ్యి ఎక్కడో నాకూ ఆ దేవుడికీ తప్ప తెలీదు," అన్నాడు.

హెర్మిలా లేచింది. మొగుణ్ణి దొర మనుషులు చంపేశాక పండగలకు కొవ్వొత్తులు పోసి బతుకుతున్న మనిషి.

"పాతితే రెండు వానలకే ఇనప పెంకులవుతాయన్నా. మన నేల ఎండాకాలంలో కూడా చెమటోడుస్తుంది. తుపాకి పేల్చాక మందులోని ఉప్పు గొట్టంలో మిగిలుంటుంది, దాన్ని మరిగే నీళ్ళతో కడగాలి. బాగా ఎండబెట్టి, తేనెమైనం, ఉప్పు తగలని ఎద్దుకొవ్వు కలిపి పుయ్యాలి. మైనం పట్టించిన గుడ్డ చుట్టి, దేవదారు పెట్టెల్లో పెట్టి గాదె మీదకెక్కిద్దాం."

"తుపాకులేమైనా పెళ్ళికూతుళ్ళా, స్నానాలు చేయించి నలుగు పెట్టడానికి?" అన్నాడు క్రిసోఫోరో. కొందరు నవ్వారు.

ఆమె నవ్వలేదు. "పెట్టెకో కుండెడు కాల్చిన సున్నపురాయి కావాలి. చెమ్మంతా అది తాగేస్తుంది. రాయి పొడి పొడిగా రాలిందంటే మార్చాలి. అంత సున్నం నా ఒక్కదాని ఇంట్లో లేదు. నెలకోసారి ఇంటికో చారెడు పెట్టండి."

చేతులెత్తితే ఆమెకు ముప్పై ఒకటి, అతనికి అయిదు. ఆ అయిదింట్లో ఒకటి తనదే.

ఆ రోజే క్రిసోఫోరో సభకు అబద్ధం చెప్పాడు. పదహారింట్లో తన దగ్గరున్న తుపాకి ఏరు దాటుతుంటే జారి పడిపోయిందన్నాడు. నిజానికి దానికి మంచి తోలు ఒర కుట్టించి, ఒర మీద తన పేరు పువ్వుల్లో చెక్కించుకున్నాడు. వంటింటి పందికొవ్వు దోసిళ్ళతో పూసి, ఒరలో దూర్చి, పందులదొడ్డి వెనక పాతాడు. పెట్టెల్లోవి పదిహేనూ తుప్పు పట్టిన రోజున తనది ఒక్కటి తీసి చూపిస్తాడు. అప్పుడు ఊరు ఎవరి కాళ్ళ దగ్గరికి వస్తుందో చూస్తాడు.

ప్రతి నెలా హెర్మిలా బుట్ట పట్టుకుని గడప గడపకూ వచ్చేది. పొట్టు ఊడేందుకు మొక్కజొన్న నానబెట్టే సున్నంలోంచే ఆడవాళ్ళు చారెడు తీసి పెట్టేవాళ్ళు. ఆ వారమంతా గింజ పొట్టు వదలక రొట్టెలు గరగరలాడేవి.

"ఆవిడ అడిగితే ఎత్తి పెట్టేసి, నాకీ పొట్టు రొట్టె పడేస్తావా?" అని భార్య పోన్సియానా మీద అరిచేవాడు.

"ఊరంతా తింటోంది మావా. నీ గొంతే కొత్తగా దిగిందా?" అనేది ఆవిడ.

చేను తొక్కించిన మర్నాడు బడిపాక నిండిపోయింది. ఒకరు ఊరొదిలి పోదామన్నారు. ఒకరు దొర కాళ్ళు పట్టుకుందామన్నారు. భుజానికి కట్టుతోనే నెమెసియో లేచాడు. "గురువారం నాటుతాం. మనవాళ్ళు పదిహేను మంది గట్టు మీద తుపాకులతో నిలబడితే చాలు. రౌతులకు జీతాలొచ్చేది చావడానికి కాదు," అన్నాడు. అందరూ సరేనన్నారు.

క్రిసోఫోరో సభ నుంచి పారతో సరాసరి పందులదొడ్డికి పోయాడు. హెర్మిలా పెట్టెలు తెరవకముందే తన తుపాకితో జనం మధ్యకు నడిచిపోవాలి. తోలు ఒర బూజు పట్టి మెత్తగా చేతికొచ్చింది. చప్పరించి చూస్తే పందికొవ్వు ఉప్పగా తగిలింది. వంటింటి కొవ్వులో ఉప్పు ఉంటుందని రెండేళ్ళ కిందట అతనికి తోచనే లేదు. ఆ ఉప్పు, తోలు పీల్చిన నీరూ కలిసి ఇనుమును పొరలు పొరలుగా తినేశాయి. తుపాకిని మోకాలి మీద పెట్టి, తూటా ఎక్కించే లీవరు లాగినా కదల్లేదు.

గాదె దగ్గరికి వట్టి చేతులతో పోయాడు. హెర్మిలా మూతలు తీస్తోంది. కుండల్లో సున్నం పొడిగా రాలి ఉంది. చుట్టూ ఆడవాళ్ళు గోళ్ళతో మైనం గీకుతున్నారు. ఒకతను లీవరు లాగాడు, అది టక్కుమని ఆడింది. పదిహేనూ అలాగే ఆడాయి. ఆ ప్రతి చప్పుడూ క్రిసోఫోరో గుండెలో దిగింది. ఒక్కటి, కనీసం ఒక్కటైనా తుప్పు పట్టి ఉండకూడదా అనుకున్నాడు. అలా అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

హెర్మిలా అతని చేతులకంటిన ఎర్రటి తుప్పు చూసింది. "ఏట్లో పడ్డది దొరికిందాన్నా?" అంది మెల్లగా.

అతను చేతులు వెనక దాచుకుని వెళ్ళిపోయాడు.

బుధవారం పొద్దున్నే దొర కబురు మీద సైన్యం వచ్చింది. నలభై మంది. కెప్టెన్ ఊరిని బడి ముందు కూడేశాడు.

"దాచిన తుపాకులు మధ్యాహ్నంలోగా నా ముందుండాలి. లేదంటే ఊరు తగలబెట్టి మగాళ్ళందర్నీ తోలుకుపోతా. దాచిందెవరు?"

హెర్మిలా ఒక అడుగు ముందుకు వేయబోయింది. క్రిసోఫోరో అది చూశాడు. ఇక్కడ కూడా తనకంటే ముందు ఆవిడేనా అనిపించింది. "తెస్తా," అని జనాన్ని నెట్టుకుంటూ, ఇద్దరు సైనికులు వెంట నడవగా దొడ్డి వైపు పోయి, తిరిగొచ్చి, తుప్పుపట్టిన తుపాకిని కెప్టెన్ బూట్ల ముందు పడేశాడు.

"నేను దాచా. పదహారూ అక్కడక్కడా పాతా. ఇది దొరికింది. మిగతావి నేల తినేసింది, కావాలంటే ఊరంతా తవ్వుకోండి."

హెర్మిలా నోరు తెరిచింది. "అబద్ధం, అవి..."

"నువ్వు నోర్ముయ్," అన్నాడు క్రిసోఫోరో. "కొవ్వొత్తులు పోసుకునేదానికి తుపాకుల సంగతి ఏం తెలుసు?"

కెప్టెన్ లీవరు లాగాడు. ఎర్రటి పొడి అతని తెల్ల చేతితొడుగు మీద రాలింది. సైనికులు నవ్వారు. క్రిసోఫోరో ఎత్తు ముందు ముసలి నెమెసియోకే అర్థమైంది. అతను వచ్చి క్రిసోఫోరో ముఖాన ఉమ్మాడు.

"ముప్పై ఒక్కమందిమి నీకు చెయ్యెత్తాం కదరా సన్నాసీ. ఇదా నువ్వు కాపాడింది?"

జనం అందుకుంది. "నేను మొదటే చెప్పా, వీణ్ణి నమ్మొద్దని," అందొకామె. "విప్లవ సేనట. గుర్రాలకు పేడ ఎత్తుంటాడు," అన్నాడింకొకడు. తిట్లు నలువైపుల నుంచీ పడ్డాయి. అందులో నటన ఎంతో, కడుపులోంచి వచ్చింది ఎంతో అతనికి తెలియలేదు. అబద్ధానికైనా ఆ ముప్పై ఒక్క చేతులూ తనకే లేచాయని నిండు జనంలో ఒకరు అనగా విన్నాడు. చేతులు వెనక్కి విరిచి కడుతున్నా తల దించలేదు. అందరూ తిడుతుంటే హెర్మిలా ఒక్కతే తిట్టలేదు, ఏడ్చింది.

సైనికులు రెండు గోతులు తవ్వి విసిగిపోయారు. సాయంత్రానికి క్రిసోఫోరోను గుర్రానికి కట్టుకుని పట్నం తోలుకుపోయారు.

పది రోజుల తర్వాత పోన్సియానా జైలుకు వచ్చింది. గురువారం పదిహేను మంది గట్టు మీద నిలబడ్డారనీ, రౌతులు వాగు దాకా వచ్చి ఆగి ఆగి వెనక్కి తిరిగారనీ, గింజ పడిందనీ, తుపాకులు మళ్ళీ పెట్టెల్లోకి చేరాయనీ కాపలావాడు అటు తిరిగినప్పుడల్లా ముక్కలు ముక్కలుగా చెప్పింది. తర్వాత గుడ్డ విప్పి రొట్టెలిచ్చింది.

అతను కొరికాడు. పొట్టు గరగరలాడింది.

"ఎన్ని చారెళ్ళు పెట్టావ్?"

"రెండు. మనదొకటి, నీ పేరున ఒకటి."

"ఆవిడ నన్ను గురించి ఏమైనా అడిగిందా?"

"అడగలేదు. సున్నమే అడిగింది."

అతనికి మళ్ళీ చురుక్కుమంది. రొట్టె మాత్రం ఆఖరి ముక్క దాకా తిన్నాడు.

అదే గదిలో వేరే ఊరి చెరకు కూలీలు నలుగురున్నారు. వాళ్ళూ తమ దొర మీద తిరగబడే వచ్చారు. వాళ్ళ ఊళ్ళోనూ ఏవో నాలుగు తుపాకులు ఎక్కడో నానుతున్నాయి. గోడ వైపు తిరిగి వాళ్ళకు గొంతు తగ్గించి చెప్పాడు. పాతొద్దు. తోలు ఒరలో పెట్టొద్దు. వంటింటి కొవ్వు పుయ్యొద్దు. మరిగే నీళ్ళు, మైనం, సున్నం. సున్నం ఒక్క ఇంటితో అయ్యే పని కాదు, ఊరంతా పెట్టాలి.

"ఇంత తెలివి ఎవరిదన్నా? దాచిందంతా నువ్వేనా?" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు.

అవునన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. క్రిసోఫోరో దాన్ని కష్టం మీద మింగాడు.

"కాదు," అన్నాడు. "నేను తుప్పు పట్టించినవాణ్ణి."