తవుడుకు కొన్న పిల్లోడి ఫోటోలు

తోళ్ల వ్యాపారం మూసేనాటికి నా చేతిలో ఉన్నవి కదిరి బజారులో ఒక ఖాళీ కొట్టు, బెంగుళూరులో పాతది కొన్న కెమెరా, తోట బొమ్మ వేసిన ఒక పరదా. కరువులో తోళ్ల బేరం మొదటి ఏడు బాగుంటుంది. పశువులు చస్తాయి, తోళ్లు గుట్టలుగా వస్తాయి. రెండో ఏటికి చచ్చేదానికి పశువులే మిగలవు. అది అందరికన్నా ముందు గ్రహించి బయటపడ్డాను. ఫోటోల పనిని మాత్రం తప్పు అంచనా వేశాను.

ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని మా వైపు గట్టి నమ్మకం. పెళ్లిళ్లకు ఎవరూ పిలవలేదు. మనిషి పోతే, గోడకు ఆనించి కూర్చోబెట్టి, తీయమని కబురు పంపేవాళ్లు. పోయినవాళ్లకు తగ్గడానికి ఏముంది? ఏడాది తిరిగేసరికి నన్ను శవాల బాషా అంటున్నారు. ఆ పేరుతో దుకాణం నడవదు.

పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో మా గోడ పక్కింటి నారాయణమ్మకు మూడో బిడ్డ పుట్టాడు. ముందు పుట్టిన ఇద్దరూ ఏడాది నిండకుండానే పోయారు. పురుడు తీరగానే ఆమె అత్త లక్ష్మీనరసమ్మ పిల్లవాణ్ణి చాటలో పెట్టుకుని మా గడప ముందుకొచ్చింది. బిడ్డలు నిలవని ఇళ్లలో అట్లా చేస్తారు. పుట్టినవాణ్ణి వేరే ఇంటికి తవుడుకు అమ్ముతారు. కన్నవాళ్ల బిడ్డ కాదనుకుని చావు వదిలేస్తుందని ఆశ. మాకు పిల్లల్లేరు. నా భార్య రంజాన్ బీ మేక కోసం ఉంచిన తవుడు ఒక సేరు కొలిచి పోసి, చాట అందుకుంది. ఫకీరప్ప అని పేరు కూడా తనే పెట్టింది.

ఏ బేరానికైనా వాయిదా ముందే అనుకోవాలి. మళ్లీ ఎప్పుడు తీసుకుపోతారని అడగబోయాను.

"ఆ మాట ఎత్తొద్దప్పా," అంది ముసలామె. "ఇనేదానికి ఈడ మనమొకరమే కాదు."

ఏడాది నిండినాక తవుడు తిరిగిచ్చి బిడ్డను తెచ్చుకోవడం వాడుక. అందరికీ తెలుసు. కానీ ఆ పూట ఎవరూ పైకి అనలేదు. అంటే చావు వింటుందని, అమ్మకం ఉత్తదైపోతుందని భయం. వాయిదా లేని బేరం అది ఒక్కటే చేశాను.

ఆనాటి నుంచి నారాయణమ్మ కన్నబిడ్డకే దాది. రంజాన్ బీ పిలిస్తే వచ్చి, కొంగు కప్పి పాలిచ్చి, వెళ్లిపోయేది. నా బిడ్డ అనే మాట నోట రాకూడదు. మొగుడు మారెప్ప రాళ్ల బండి తోలుతూ నెలలో సగం తాడిపత్రిలోనే ఉండేవాడు.

నాకు అప్పుడు తట్టింది. పిల్లవాడు మావాడు. మావాణ్ణి ఫోటో తీస్తే వద్దనేవాళ్లు ఎవరు? నెలకొకటి తీసి కొట్టు ముందరి అద్దం బీరువాలో వరసగా పెడతాను. బిడ్డలు నిలవని ఇంటి పిల్లవాడు, అన్ని ఫోటోలు తీయించుకుని, ఏడాది దాటితే ఇక నా కెమెరాకు భయపడేవాళ్లుండరు. వాడు దాటకపోతే నేను కొట్టుకు తాళం వేసుకోవచ్చు. రెండూ తూచే దిగాను.

మొదటి ఫోటో రోజు నారాయణమ్మ తలుపు వెనకాల నిలబడి కళ్లు మూసుకుంది. అత్త మాత్రం పళ్లు బిగించి, "మీ బిడ్డ, మీ ఇష్టం," అంది. ఇంకేమనగలదు?

రంజాన్ బీ కుర్చీలో, పిల్లవాడు ఆమె ఒళ్లో. నెలనెలా అదే కుర్చీ, అదే పరదా. మెడ నిలిచింది. పళ్లు లేని నవ్వు వచ్చింది. సంతకు వచ్చినవాళ్లు ముందు నా అద్దం దగ్గర ఆగి, తర్వాతే ఉల్లిగడ్డల బేరానికి పోయేవాళ్లు. కొత్త ఫోటో పెట్టడం ఆలస్యమైతే, ఉన్నాడా పోయినాడా అని నన్నే అడిగేవాళ్లు. వాళ్లలో వాళ్లు పందేలు కూడా కాసినట్టు విన్నాను. ఒక్కరూ బిడ్డను తేలేదు. అందరూ కాచుకున్నారు.

నేను లెక్కలోకి తీసుకోనిది ఇంట్లో జరిగింది. మొదట్లో రంజాన్ బీ పాలు తాగించి రాత్రికి పిల్లవాణ్ణి పక్కింటికి పంపేది. తర్వాత మా ఇంట్లోనే ఊయల కట్టింది. తర్వాత రాగి జావ, మేకపాలు పట్టడం మొదలుపెట్టి, నారాయణమ్మను పిలవడం తగ్గించింది. పిలవందే ఆమె రాకూడదు. ఇద్దరి ఇళ్ల మధ్య గోడ నడుమెత్తే. అవతల ఆమె తిరగలి తిప్పుతూ, పిల్లవాడు ఏడ్చినప్పుడల్లా చెయ్యి ఆపేది. ఆ తిరగలి ఆగడం నాకు వినబడేది.

ఎండాకాలంలో, ఫోటో తీసిన మర్నాడే, పిల్లవాడికి జ్వరం, విరేచనాలు పట్టుకున్నాయి. సాయంత్రానికి కళ్లు లోపలికి పోయాయి. వీధంతా కెమెరానే తిట్టింది. నారాయణమ్మ పిలవకుండానే గోడ దూకి వచ్చేసింది.

"అన్నా, చాలింక. నా బిడ్డను నాకియ్యండి," అంది.

వెనకే వచ్చిన లక్ష్మీనరసమ్మ ఆమె నోరు మూసింది. ఇంటికప్పు వైపు తిరిగి, "పిచ్చిదిది. దీనికి బిడ్డల్లేరు. ఈ పిల్లోడు తురకోళ్లోడు," అని అరిచింది. అరుస్తూనే ఏడుస్తోంది.

రంజాన్ బీ పిల్లవాణ్ణి గుండెకు అదుముకుని మూలకు జరిగింది. మధ్యాహ్నం చూసిన ఆసుపత్రి డాక్టరు, పైపాలు ఆపి తల్లిపాలే ఇమ్మని చెప్పాడు. ఆ మాట ఆమెకు గుర్తుచేశాను.

"ఇస్తే మళ్లీ ఇస్తుందా?" అంది.

"ఇయ్యకపోతే ఇచ్చేదానికి ఎవరుంటారు?" అన్నాను.

రంజాన్ బీ పిల్లవాడి ఎండిన పెదాలు తడిమి చూసింది. తర్వాత తనే వెళ్లి నారాయణమ్మ ఒళ్లో పెట్టి, ఎదురుగా కూర్చుని కాపలా కాసింది. పిల్లవాడు రొమ్ము పట్టలేదు. అలవాటు తప్పింది. నారాయణమ్మ పాలు వేలితో తీసి పెదాలకు రాస్తూ పోయింది. రెండో నాటికి పట్టాడు. వారానికి లేచి కూర్చున్నాడు. కోలుకోగానే రంజాన్ బీ మా ఇంటికి తెచ్చేసుకుంది. ఎవరూ ఏమీ అనలేదు. మాట రాకూడదు కదా.

ఏడాది నిండిన ఉదయం అత్తాకోడళ్లు కొత్త చాటలో తవుడు పోసుకుని కొట్టుకే వచ్చారు. రంజాన్ బీ అప్పటికే పిల్లవాడితో కుర్చీలో కూర్చుని ఉంది.

"నేనేం అమ్మకానికి పెట్టలేదే," అంది.

ముసలామె నా వైపు చూసింది. బేరంలో తిరుగు వాయిదా లేదు. మేం పట్టు విడవకపోతే పిల్లవాడు మాకే. పన్నెండో ఫోటో కూడా నా భార్య ఒళ్లోనే పడుతుంది. వ్యాపారిగా నాకు నష్టం లేదు. నల్లగుడ్డ కప్పుకుని కెమెరా అద్దంలో చూశాను. తలకిందుగా ఆమె ముఖం కనబడింది. గడ్డం అదురుతోంది. కదిలితే ఫోటో చెడుతుంది, కదలొద్దన్నాను. తీశాను. చెడింది. ఇంకోటి పెట్టాను. అదీ చెడింది. పిల్లవాడు ఆమె ముఖం మీది తడి తుడుస్తూ ఆడుకుంటున్నాడు.

నారాయణమ్మ బతిమాలలేదు. చాట కింద పెట్టి, "నీ చేతుల్లో పడి బతికినాడక్కా. నేను కాదన్ను. కానీ గోడ అవతల బతకడం ఇంక నాతో కాదు. మేం తాడిపత్రి పోతాం," అంది.

రంజాన్ బీ పిల్లవాణ్ణి ఇంకా దగ్గరికి లాక్కుంది.

"పోతే వీణ్ణి నేను యాడ చూసేది?" అంది.

అన్నాక ఆ మాట తనే విన్నట్టుంది, వాడు వాళ్లతో పోయేవాడని ఒప్పుకున్న మాట. లేచింది. పిల్లవాణ్ణి నారాయణమ్మ చేతికిచ్చి, కుర్చీ చూపించింది. చాటలోంచి పిడికెడు తవుడు తీసుకుని కొంగున ముడేసుకుంది. "కూర్చో. నేనుంటే ఇదీ చెడుతుంది. తీయనీ," అంది. పిల్లవాడు ఆమె కోసం ఏడుపు లంకించుకున్నాడు. ఆమె నా భుజం పక్కన నిలబడి వాడి పేరు పిలిచింది. ఏడుపు ఆపి ఇటు చూశాడు. అప్పుడు తీశాను. అది చెడలేదు.

తర్వాతి సంతకే ఇద్దరు తల్లులు బిడ్డల్ని తెచ్చారు. ఉగాదికల్లా కొట్టు ముందు వరస కట్టారు. శవాలకు పోవడం మానేశాను. నారాయణమ్మ వాళ్లు ఊరు వదల్లేదు. నడుమెత్తు గోడలో మారెప్ప మనిషి పట్టేంత సందు తీశాడు. మధ్యాహ్నం మా ఇంట్లో ఇప్పుడు మూడో కంచం పడుతుంది, రాత్రికి వాడు అటు పోతాడు. రంజాన్ బీకి మిగిలింది ఆ పూట. తక్కువే. కానీ రోజూ వస్తుంది.