నడిపినవాడు

పోర్టు గేటు ముందు ట్రైలర్ల వరుస కదలడం లేదు. తవిటయ్య ఇంజను ఆపి, తడిగుడ్డతో ముందు అద్దాన్ని లోపలివైపు నుంచి తుడుస్తున్నాడు. రోజూ తుడుస్తాడు. మధ్యాహ్నానికి మళ్లీ బొగ్గుపొడి పడుతుంది. వెనక పలక మీద గొలుసులతో బిగించిన స్టీలు చుట్టలున్నాయి. ఉక్కు ఫ్యాక్టరీ నుంచి పోర్టుకి లోడుతో రావడం, పోర్టు నుంచి ఖాళీగా ఫ్యాక్టరీకి పోవడం. పెళ్లి కాకముందు మొదలైన తిరుగుడు అది. కిటికీ వైపుండే కుడిచెయ్యి ఎండకి కమిలి, ఎడమచేతి పక్కన పెడితే వేరే మనిషి చెయ్యిలా కనిపిస్తుంది. మెడ మీది గీతల్లో నిలిచిపోయిన మసిని సబ్బుతో రుద్దడం అతను ఎప్పుడో మానేశాడు.

వరుస ఇప్పట్లో కదలదని తెలిశాక, వెనక బండి డ్రైవరు నాగబాబుకి తాళం ఇచ్చి, ఆటో ఎక్కి పోలీస్ స్టేషనుకి వెళ్లాడు. పొద్దున్న అక్కడి నుంచే ఫోనొచ్చింది.

ఖతార్‌లో ట్రైలర్లు నడిపే పనికి తవిటయ్య, అతని బావమరిది గోపి కలిసే దరఖాస్తు పెట్టారు. డ్రైవింగు పరీక్షలో ఇద్దరూ నెగ్గారు. ఏసీ క్యాబిను, నున్నటి రోడ్లు, గంటలు లెక్కకట్టి పని. ఏజెంటు చెబుతుంటే తవిటయ్యకి చాలా ఏళ్ల తర్వాత ఒక ఆశ పుట్టింది. అయితే మనిషి మీద ఏ కేసూ లేదని పోలీసులు సర్టిఫికెట్ ఇవ్వాలి. గోపిది వచ్చేసింది. వీసా కూడా వచ్చింది. ఈ సాయంత్రమే అతను హైదరాబాదు బస్సెక్కుతున్నాడు. తవిటయ్యది మాత్రం స్టేషను దగ్గరే ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో అతనికి తెలుసు. గోపికి ఇంకా పెద్దబండి లైసెన్సు లేని రోజుల్లో, ఒక తెల్లవారుజామున, సబ్బవరం దగ్గర రోడ్డు ఖాళీగా ఉందని తనే స్టీరింగు ఇచ్చాడు. మలుపులో బండి పాలసైకిలాయన్ని కొట్టింది. ఆయన బతికాడు గానీ ఒక కాలు తీసేశారు. పోలీసు జీపు వచ్చేసరికి డ్రైవరు సీటులో తవిటయ్య కూర్చుని ఉన్నాడు. అలా కూర్చోమని గోపి అడగలేదు. స్టీరింగు పట్టుకుని బిగుసుకుపోయిన పిల్లాణ్ని పక్కకి తప్పించి, తనే ఆ సీటులోకి జరిగాడు. కోర్టులో నేరం ఒప్పుకుంటావా అని అడిగితే తలూపాడు. జరిమానాతో అయిపోయిందనుకున్నాడు. ఆ తర్వాత ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఎప్పుడైనా అటు లోడు పడితే, ఆ మలుపు దగ్గర తవిటయ్య ఇప్పటికీ బండి నెమ్మది చేస్తాడు.

హెడ్డు కానిస్టేబులు గంగాధరరావు చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించి, మంచినీళ్లు తాగమన్నాడు. రికార్డులో కేసుందని, జరిమానా కట్టినా శిక్ష పడినట్టే లెక్కని, లేదని రాయడం తన చేతిలో లేదని నెమ్మదిగా చెప్పాడు. తవిటయ్య లేవబోతుంటే ఆపాడు.

"నా సర్వీసులో చాలామంది డ్రైవర్లని చూశాను తవిటయ్యా. వేరేవాళ్ల కోసం నెత్తినేసుకునేవాళ్లూ ఉంటారు. ఆ రోజు నిజంగా నువ్వే నడిపావా? కాకపోతే ఇప్పుడైనా చెప్పు. వకీలుని పెట్టుకుంటే ఏదైనా దారి ఉండొచ్చు."

కిటికీ బయట, స్టేషను ఆవరణలో, కేసుల్లో పట్టుకొచ్చిన లారీలు టైర్లు కుంగి తుప్పు పడుతున్నాయి. ఒకదాని బంపరు మీద మేక పడుకుని ఉంది. తవిటయ్య దాన్నే చూశాడు. గోపి ఈపాటికి సంచి సర్దుకుని ఉంటాడు. పేరు చెప్పడానికి నోరు తెరిస్తే చాలు. లోపల ఏదో కొట్టుకుంటుందేమో అనుకున్నాడు గానీ, ఏమీ లేదు. తిమ్మిరెక్కిన కాలిని తాకినట్టుంది.

"నానే నడిపినాను సార్," అన్నాడు.

పోర్టుకి తిరిగొచ్చేసరికి వరుస కదిలింది. లోపల క్రేను స్టీలు చుట్టల్ని ఎత్తుతుంటే బరువు దిగిన పలక పైకి లేచి ఊగింది. భార్య పైడితల్లి ఫోను చేసింది.

"ఏటన్నారు?"

"రాదంట."

గోపి ఆమెకి ఒక్కడే తమ్ముడు. ఆ తెల్లవారుజామున ఏం జరిగిందో ఆమెకి తెలుసు.

"అన్నం తిన్నావా?" అంది.

తిన్నానన్నాడు. బస్సెక్కేదాకా గోపికి చెప్పవద్దన్నాడు.

సాయంత్రం ఖాళీ బండితో తిరిగి వెళుతూ మల్కాపురంలో గోపిని ఎక్కించుకున్నాడు. కొత్త చొక్కా, తల నిండా నూనె, ఒళ్లో సంచి. గాజువాక దాటాక, హైదరాబాదు బస్సులు ఆగే చోట తవిటయ్య బండిని రోడ్డు వారకి తీశాడు. బస్సు ఇంకా రాలేదు.

"బావా, నీది ఏటైంది?"

"వత్తాది. నువ్వు ముందెల్లు."

గోపి సంచిలోంచి బూట్లు తీసి, వంగి తొడుక్కోవడం మొదలుపెట్టాడు. అలవాటు లేని లేసులు. ముడి పడుతుంది, మళ్లీ జారిపోతుంది. తల ఎత్తకుండానే అడిగాడు.

"ఆ కేసు వల్లేనా?"

"ఏ కేసు?" అన్నాడు తవిటయ్య.

గోపి వేళ్లు లేసుల మీద ఆగిపోయాయి. వెనక నుంచి బస్సు హారను కొట్టింది. అతను గబుక్కున తవిటయ్య మోకాలి మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి కళ్లకద్దుకుని, సంచితో కిందికి దూకాడు. బస్సు తలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగాడు. తవిటయ్య చెయ్యెత్తాడు. ట్రాఫిక్కులో బస్సు వెనక దీపాలు కాసేపు కనిపించి, మిగతా దీపాల్లో కలిసిపోయాయి.

తవిటయ్య గేరు వేశాడు. ఫ్యాక్టరీ రోడ్డులోకి తిరిగే చోట ఆవు అడ్డం వస్తే బ్రేకు తొక్కాడు. పక్కసీటు కింద నుంచి గోపి విడిచేసిన రబ్బరు చెప్పులు జారి ముందుకి వచ్చాయి. పాత జత. ఎడమది బాగానే ఉంది. కుడి చెప్పు మాత్రం, యాక్సిలరేటరు ముందు మడమ ఆనే చోట, అరిగి అరిగి కన్నం పడింది.