పదిదాకా లెక్కపెట్టే తీరిక

రెజిన్ నోటిదురుసుకు ఆ రోజు కుళచ్చల్ సముద్రపు ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న ఇరవైమందీ సాక్షులు.

"బొత్తం నొక్కి పదిదాకా లెక్కపెట్టండి, దీపం ఆరాకే వైరు తియ్యండి అని ఎన్నిసార్లు చెప్పాను పెద్దాయనా? ఆ మాత్రం గుర్తుండదా?"

సూసై తాత తలొంచుకున్నాడు. "చదువులేనోణ్ణి సారూ. తప్పైపోయింది."

పడవకు దారి చూపే ఆ చిన్న పెట్టెను తయారుచేసింది రెజినే. సముద్రం అడుగున చేపలు చేరే రాతిదిబ్బల జాడలు నలభై ఒకటి అందులో ఉండేవి. చర్చి శిఖరం ఏ కొండకు సూటిగా వస్తే ఏ దిబ్బ మీదున్నట్టో, సూసై వాళ్ళ అన్న మంచాన పడి ఉండే ఒక్కొక్కటీ చెప్పి రెజిన్ చేత పెట్టెలోకి ఎక్కించాడు. ఆయన పోయి ఆరు నెలలు. పెట్టె లోపల ఏదో రాసుకుంటుండగా సూసై వైరు పీకడంతో కరెంటు తెగి, ఇప్పుడవన్నీ చెరిగిపోయాయి. నకలు తీసి పెట్టుకోవాలని రెజిన్‌కు తోచలేదు. ఆ సంగతి మాత్రం నలుగురిలో ఎత్తలేదు.

గట్టున కూర్చుని ఎన్నైనా చెప్పొచ్చు. మర్నాడు కొత్త పెట్టెను పరీక్షించడానికి రెజిన్ సూసై పడవలోనే వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు ఒడ్డు దగ్గర పెద్ద అల వెనకనుంచి ఎత్తింది. ఇంజను పైకి లేపకపోతే రెక్కలు ఇసుకలో దిగబడి పడవ అడ్డం తిరుగుతుంది. సూసై రెండు చేతులూ దానిమీదే ఉన్నాయి. మేనల్లుడు తదేయుస్ తాడు పట్టుకుని దూకేశాడు. నీళ్ళు పెట్టెకు కరెంటిచ్చే బ్యాటరీ మీదికి వస్తున్నాయి.

"వైరు పీకు" అని అరిచాడు సూసై.

రెజిన్ పీకేశాడు. బొత్తం ఊసే గుర్తుకు రాలేదు.

ఒడ్డెక్కాక సూసై భయంభయంగా దగ్గరికొచ్చాడు. "బొత్తం నొక్కారా సారూ? మళ్ళీ చెడిపోదు గదా?"

అది ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడిచినా బాగుండేది.

"పదిదాకా ఆగమని అలతో చెప్పు మామా, సారు లెక్కపెట్టుకుంటారు" అన్నాడు తదేయుస్.

రెజిన్ సిగ్గుతో చచ్చిపోయాడు. ముందురోజు అరిచిన చోటికే నడిచి, వలల మధ్య నిలబడ్డాడు.

"తప్పు తాతది కాదు, నాది. వైరు పీకినా పెట్టె తనంతట తానే పని ముగించుకుని ఆగేలా లోపల చిన్న బ్యాటరీ పెట్టాల్సింది. పెట్టలేదు. నకలూ తియ్యలేదు."

అందరూ వలలు కుట్టుకుంటూనే ఉన్నారు.

వారంలో బ్యాటరీ పెట్టిన పెట్టె తెచ్చాడు. సూసై అతని పక్కన కూర్చుని, తనకు గుర్తున్న దిబ్బలన్నీ చెప్పాడు. ముప్పై దగ్గర ఆగిపోయాడు.

"మిగతావి, తాతా?"

"అవి అన్నకే తెలుసు."

రెజిన్ ఆ ముప్పైకీ నకలు తీసుకున్నాడు.

"ఇప్పుడు ఆపడానికి ఏం చెయ్యాలి సారూ?"

"ఏమీ వద్దు తాతా. వైరు పీకెయ్యి, చాలు."

సూసై పీకాడు. అయినా ఎందుకన్నా మంచిదని బొత్తం మీద వేలు నొక్కిపెట్టి, పెదాలు కదుపుతూ పదిదాకా లెక్కపెట్టాడు. అంతసేపూ రెజిన్ తలెత్తలేకపోయాడు.