ఎండగోడ కింది మొగ్గలు

వారం కిందట ఆరు మొగ్గలు. నిన్న మూడు. ఇవాళ ఒక్కటే. హెస్టర్ ఎండ పడే గోడవారన కంకరలో మోకాళ్ల మీద కూర్చుని, గడ్డిలాంటి ఆకులు పక్కకు తీసి మళ్లీ వెతికింది. చలికాలంలో పూసే ఐరిస్ పూలమొక్క అది. ఏటా జనవరిలో మొదటి మొగ్గను పెన్సిలంత ఉండగానే భర్త ఎర్నీ లాగి తెచ్చి గ్లాసులో పెట్టేవాడు. గది వెచ్చదనానికి అది చూస్తుండగానే విచ్చుకునేది. ఈ ఏడు ఎర్నీ మంచం దిగలేదు. ఇంకో చలికాలం చూడడని డాక్టరు చెప్పేశాడు. ఒక్క పువ్వయినా అతని కళ్లబడాలని ఆమె పట్టుదల.

దొంగెవరో ఆమెకు తెలుసు. పక్కింటి మేవిస్. పదేళ్లుగా ఒక గడ్డముక్క ఇమ్మని అడుగుతూనే ఉంది. కదిలిస్తే ఐరిస్ అలిగి ఏళ్లపాటు పూయదని హెస్టర్ ఇవ్వలేదు. అలుగుతుందన్నది నిజమే, ఇవ్వబుద్ధి కాలేదన్నది అంతకంటే నిజం. మొన్న మేవిస్ నారింజ మార్మలేడ్ జామ్ సీసా తెచ్చినప్పుడు, "నా మొగ్గలు పోతున్నాయి మేవిస్," అంటే, "మా ఇంట్లో ఏం లేవమ్మా," అని తత్తరపడింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం కాక ఇదేమిటి?

మర్నాటికి ఆ ఒక్కటీ మాయం. ఖాళీ సీసా తిరిగిచ్చే వంకతో హెస్టర్ పక్కింటికి వెళ్లింది. వంటింటి కిటికీలో, ఉడికించిన గుడ్డు పెట్టుకునే చిన్న కప్పులో, లేత ఊదా రంగు ఐరిస్!

"దొరికిపోయావ్! నాకు ఒక్కటైనా వదలాలనిపించలేదా నీకు?"

మేవిస్ ముఖం పాలిపోయింది. "అరవకు తల్లీ. ఇది నా పెరట్లోదే. నాలుగేళ్ల కిందట మీ ఆయనే గడ్డ తెచ్చి నాటాడు. ఇన్నాళ్లకి ఒక్కటి పూసింది."

"నాకు చెప్పకుండానా?"

"చెబితే ఇవ్వనిచ్చేదానివా?"

హెస్టర్‌కు ఒళ్లు మండింది. మేవిస్ కప్పుతో సహా పువ్వును ఆమె చేతిలో పెట్టింది. "తీసుకెళ్లు. సాయంత్రం నేనే తెద్దామనుకున్నా."

ఎర్నీ పువ్వును చాలాసేపు వాసన చూశాడు.

"మనదే," అంది హెస్టర్, అతను అడక్కముందే.

"కాదులే, ఆ కప్పు మనది కాదుగా. మేవిస్‌ది. మనవి నత్తలు తినేసుంటాయి."

"నత్తలా? ముప్పై ఏళ్లలో ఆ దుబ్బులో ఒక్క నత్తను నేను చూళ్లేదే!"

"ఎలా చూస్తావే? నువ్వు లేచేసరికి నేను ఏరేసేవాణ్ణిగా."